ఆడిటింగులో ముప్పయ్యారు

హలో… హలో… ఆ, నేనేరా, యాకూబునే. చెప్పు ఇన్నయ్యా.

వినపడతంది… వినపడతందిలే, అంత అరవమాక. నరసరావుపేటకి ట్రంకాల్ చేసి కలకత్తాకి వినపడేట్టు అరుస్తావేంది?

ఆ… జాన్ సాహెబ్ మామ సైకిల్ షాపే. మామే వచ్చి తలుపు కొట్టాడు. గుంటూరు నుంచి నీ స్నేహితుడంట, పావుగంటలో మళ్ళీ చేస్తాడంట, లెగువు అని. వచ్చి ఇరవై నిమిషాలైంది. నన్ను ఫోను పక్కన స్టూలు మీద కూచోబెట్టి ఆయన పంచర్లేసుకుంటన్నాడు.

ముందు నీకు కంగ్రాచ్యులేషన్స్. …ఏంది, మనస్ఫూర్తిగానే చెబుతన్నా. పేపర్లో నా నంబరు కంటే ముందు నీ నంబరే వెతికా. కనపడింది. తర్వాత నాది వెతికా… ఆ. లేదు. పై నుంచి కిందకి, కింద నుంచి పైకి చూశా. మామూలే.

ఏడవలేదు. …లేదన్నానా! ఏడుపొస్తే బాగుండేది. రోతగా ఉందిరా, అంతే. మూడు రోజుల్నుంచి నోట్లో చేదు పోవట్లా. అన్నం చూసినా రోతే, అద్దం చూసినా రోతే.

ఇంట్లోనా? చావు జరిగిన ఇల్లనుకుంటన్నారు జనం. ఒకరి తర్వాత ఒకరు పరామర్శకి. పక్కింటి కాంతమ్మత్త గ్లాసుడు కాఫీ తెచ్చి, నా మంచం పక్కన కూచుని, "నాలుగోసారి కూడా తప్పాడంట గదా పాపం" అని నాతోనే అంటది. ఎవురో మూడో మనిషి గురించి ఆమే నేనూ మాట్టాడుకుంటన్నట్టు. …నవ్వు, నవ్వు. నేను కూడా "అవునంట అత్తా" అన్నా. ఏం చెయ్యను?

…ఎవురు, ఎదురింటి లారీ సుబ్బన్నా? రాకుండా ఉంటాడా. "సీయే అంటే తాసీల్దారు కంటే పెద్దా చిన్నా" అని అడిగాడు. పెద్దేనన్నా. "మరి అంత పెద్దదానికి పోవడం దేనికి అబ్బాయ్" అని నాకు బుద్ధి చెప్పి, మా నాయన దగ్గర బీడీ తీసుకుని పోయాడు. వీళ్ళ జాలి కంటే తిట్లు నయం.

మా నాయనా… ఏమన్లేదు. దూది ఏకుతానే ఉన్నాడు. అదింకా కంపరం. ఒక్క తిట్టు తిడితే నేను కాస్త తేలికపడేవాణ్ణి. బజారు నిండా ఫోము పరుపులొచ్చి పడినయ్, ఈయన పరుపు అడిగేవోడే లేడు. వారానికి ఒకటి కుడితే ఎక్కువ. అయినా నిన్న నాకు పావలా పెట్టి దినపత్రిక కొనిచ్చాడు, ఉద్యోగాల పేజీ చూసుకోమని. ఆయనకి చదవడం రాదు గదా, సినిమాల పేజీ పైకి మడిచి ఇచ్చాడు.

చూశా, చూశా. ఏముండయ్? బ్యాంకు గుమాస్తా పరీక్షకి ఈ ఏడాదితో నా వయసు దాటిపోద్ది. పోయిన నెల మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి పోలా? …చెప్పలేదా? సిగ్గేసి చెప్పలేదేమో. "సీయే ఇంటరు పాసు, ఫైనలు రాస్తన్నా" అన్నా. "ఎన్నాళ్ళ నుంచి రాస్తన్నావ్" అన్నాడు. అంతే, నా ఫైలు తెరవను కూడా తెరవలా. రైలుకి తిరిగొచ్చా. మాచర్ల నుంచి ఇంటిదాకా కిటికీలోంచి బయటికే చూస్తా కూచున్నా, పక్కనోడు పలకరిస్తాడేమోనని.

మార్కులా? వచ్చినయ్. కాయితం ఇయ్యాల పొద్దున పోస్టులో వచ్చింది. జేబులోనే ఉంది. …చదవనా? విను. అకౌంట్సు యాభై ఎనిమిది. మేనేజిమెంటు అకౌంటింగు యాభై మూడు. కంపెనీ లా యాభై ఐదు. ఆడిటింగు…

ముప్పయ్యారు.



…సరిగ్గానే చదివా. ముప్పయ్యారే. మొత్తం కలిపితే రెండొందల రెండు, సగం కంటే రెండు ఎక్కువే. అయినా ఒక్కదాంట్లో నలభై రాలేదు కాబట్టి నాలుగూ పోయినట్టే. నాలుగూ మళ్ళీ రాయాలి.

నీకెంతొచ్చింది ఆడిటింగులో? …చెప్పరా, సిగ్గెందుకు… అరవై ఒకటా. బాగుంది. ఎవురు చెప్పార్రా నీకు ఆడిటింగు? ఆ గుంటూరు గదిలో ఇద్దరికీ కలిపి ఒక్క పుస్తకం కొని, మధ్యకి చింపి, ముందు సగం నీకు, వెనక సగం నాకు. నా సగం నేను చదివి నీకు చెప్పేవాణ్ణి. నీ సగం కూడా నేనే చదివి నీకు చెప్పేవాణ్ణి. …ఆ, ఒప్పుకుంటావ్‌లే. మంచోడివే.

రీకౌంటింగు దేనికి? వాళ్ళ తప్పేం లేదు. నేను రాసిందానికి ముప్పయ్యారు కూడా ఎక్కువే.

…ఎవురికీ చెప్పలేదు. నీకే చెబుతన్నా. ఈసారి నవ్వమాక.

రెండో ప్రశ్న గుర్తుందా? పత్తి మిల్లులో సంవత్సరాఖరు సరుకుని ఆడిటరు ఎట్టా సరిచూడాలి… పదహారు మార్కులు. …ఆ. నువ్వేం రాశావ్? …స్టాకు రిజిస్టరు చూడాలి, యాజమాన్యం దగ్గర సర్టిఫికెట్టు తీసుకోవాలి, కొన్న ధరా మార్కెట్టు ధరా ఏది తక్కువైతే అది… అంతే. నేను చెప్పిందే. పావుగంట జవాబు.

నేను గంటా నలభై నిమిషాలు రాశా.

…పిచ్చే. పదకొండు పేజీలు. అదనపు కాయితాలు అడిగి మరీ తీసుకున్నా. మిగతా ప్రశ్నలు రెండు ముట్టుకోనే లేదు.

ఏం రాశానా… చిలకలూరిపేట మిల్లు సంగతి రాశా. మన ఆఫీసు క్లయింటు, ఆ పత్తి జిన్నింగు మిల్లు. రెండేళ్ళ కిందట, మనం ఆర్టికల్స్ శిక్షణలో ఉన్నప్పుడు, మన ఆడిటరు ధనుంజయరావు గారు నన్ను స్టాకు చూసి రమ్మని పంపలా? నువ్వప్పుడు మాచర్లలో ఎరువుల కొట్టు ఆడిట్లో ఉన్నావ్.

ఏమైందంటే… గోడౌన్లో పత్తి బేళ్ళు దొంతర పేర్చి ఉన్నయ్. ఎనిమిది వందల బేళ్ళు. పొడుగు లెక్కపెట్టి, వెడల్పు లెక్కపెట్టి, ఎత్తుతో గుణించి టిక్కు పెట్టి రావాలి, అందరూ చేసేదదే. నేను పైకెక్కా. ఎందుకెక్కానో తెలవదు. దూది కనపడితే ఎక్కడం నాకు చిన్నప్పటి అలవాటు. పైన నడిమధ్యకి పోయి, ఒక బేలుకి గోనె చిరిగిన చోట వేళ్ళు పెట్టి పిడికెడు లాగా.

పరుపుల దూదిరా. పాత పరుపుల్లోంచి తీసిన దూది. …ముట్టుకుంటే తెలిసిపోద్ది నాకు. పోగు లాగితే పుటుక్కున తెగుతంది. చెమట కంపు, చంటిపిల్లల ఉచ్చ కంపు. దూదేకేవాడి కొడుకుని, నాకు తెలవదా? మా నాయన పాత పరుపులు విప్పినప్పుడు, మళ్ళీ ఏకడానికి పనికిరాని దూదిని బస్తాలకెత్తి చిలకలూరిపేట వ్యాపారికి అమ్మేవాడు. కిలో అర్ధరూపాయి. ఈ రోత ఎవురు కొంటారు నాయనా అని నవ్వేవాణ్ణి. అది ఏడికి పోద్దో ఆ రోజు తెలిసింది.

పక్క బేలు లాగా. అదీ అంతే. ఇంకోటి… అదీ అంతే. చుట్టూ మూడు వరసలు మంచి పత్తి, లోపలంతా ఇదే. ఆ దొంతరని చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నారు, మంచి పత్తి ధరకి.

…చెప్పకుండా ఉంటానా? ఆ సాయంత్రమే గుంటూరొచ్చి, ఆ పిడికెడు దూది ధనుంజయరావు గారి టేబిలు మీద పెట్టా. ఆయన పెన్సిలుతో దాన్ని పక్కకి నెట్టాడు. చేత్తో కూడా ముట్టుకోలా. నెట్టి, "నువ్వు ఆడిటరువా, పరుపులు కుట్టేవాడివా" అన్నాడు.

…ఆ. ఆ మాటే అన్నాడు.

నేనేం చేశానా? టిక్కు పెట్టా. ఎనిమిది వందల బేళ్ళు, చూడటమైనది, సరిపోయినది. ఆకుపచ్చ సిరాతో. పక్కన ఎమ్.వై. అని నా పొడి అక్షరాలు. …ఎవురూ మెడ మీద కత్తి పెట్టలా ఇన్నయ్యా. పెట్టమన్నాడు, పెట్టా. ఆ రాత్రి మనిద్దరం మెస్సులో కోడిగుడ్డు కూర తిన్నాం. నీకు చెప్పలా. రెండేళ్ళు ఎవురికీ చెప్పలా.

పరీక్ష హాల్లో ఆ ప్రశ్న కనపడేసరికి చెయ్యి ఆగలేదు. ఎక్కడం, లాగడం, ఆ కంపు, ఆ టిక్కు… అన్నీ రాశా. పెట్టింది నేనేనని కూడా రాశా. ఎవురికి? ఎక్కడో కూచుని పేపర్లు దిద్దేవాడికి. ఆయనకి కావాల్సింది 'సర్టిఫికెట్టు తీసుకోవాలి' అన్న ఒక్క ముక్క. చెప్పాల్సిన చోట నోరు మూసుకుని, ఎవురికీ పట్టని చోట పదకొండు పేజీల ధైర్యం చూపించా. ఛీ. తప్పింది పరీక్షని అందరూ ఓదారుస్తన్నారు. నా రోత దాని మీద కాదు.

ఆ… ఏమండీ… మాట్టాడుతన్నామండీ, కట్ చెయ్యమాకండి. …ఇన్నయ్యా, టైం అయిపోయిందంట, పొడిగించాలా అని అడుగుతంది ఆమె. ఎవురి ఫోను నువ్వు చేస్తంది? …ఆఫీసుదా. అయితే పొడిగించమను, పెరగనీ ధనుంజయరావు గారి బిల్లు.

సరే, నా గోల అయిపోయింది. నువ్వెందుకు చేశావో చెప్పు. …ఉద్యోగమా. ఎవురికి, నాకా?

…జీతం? …పద్నాలుగు వందలా! …ఉండటానికి గది కూడానా. ఒరేయ్, నిజమేనా?

ఎందుకొద్దురా? కావాలి. పద్నాలుగు వందలంటే మా నాయన ఆ దూదేకే విల్లు గోడకి తగిలించి కూచోవచ్చు. మా చెల్లి హలీమా టీచర్ ట్రైనింగుకి పోతానని ఏడాది నుంచీ అంటంది, పంపొచ్చు. పరీక్షంటావా, ఉద్యోగం చేసుకుంటా మేలో మళ్ళీ రాస్తా. …రేపే చేరమన్నా చేరతా. అబ్బ, ఈ మాట ముందు చెబితే ఇంతసేపు నా చేత వాగించేవోడివి కాదు గదా. …ఎక్కడ?

చిలకలూరిపేటలోనా. మిల్లా. …ఏ మిల్లు?

ఒరేయ్… ఏ మిల్లు? …నసగమాక.

…అదేనా.

అదే మిల్లు. ఇంతసేపు చెబుతన్నా నీకు, ఊఁ కొడతానే ఉన్నావ్… ఆ మిల్లుకే అకౌంటెంటుగా పొమ్మంటన్నావ్.

నీకు ఆ దూది సంగతి ముందే తెలుసా? …తెలుసా తెలవదా? …ఊఁ. ఎవురు చెప్పారు? …ఆయనే.

నన్నే ఎందుకు? నాలుగుసార్లు తప్పినోడికి పద్నాలుగు వందలు ఎవురిస్తార్రా? …నమ్మకస్తుడినా. ఓహో. …వచ్చే వారం బ్యాంకు వాళ్ళు సరుకు చూసుకోడానికి వస్తన్నారా. అదీ సంగతి. గోడౌను తాళాలు నా దగ్గరుంటయ్. దొంతర చూపించేది నేను. ఎవురూ పైకెక్కకుండా కిందే కాఫీ ఇచ్చి కూచోబెట్టేది నేను. లోపలేముందో తెలిసినోణ్ణి లోపలే కట్టేసుకుంటే సరిపోద్ది.

ఒళ్ళంతా కంపరమెత్తుతంది ఇన్నయ్యా. ఇప్పుడే, రెండు నిమిషాల కింద, ఆ జీతానికి నేను నవ్వాను గదా. ఆ నవ్వు తలుచుకుంటే అసయ్యంగా ఉంది.

ఈ ఏడు ఆ లెక్కల మీద సంతకం ఎవురిది? ఆయనదేనా? …కాదా?

…నీదా.

పార్ట్‌నరుగా తీసుకుంటన్నాడా నిన్ను. …మెంబర్షిప్పు నంబరు రాగానే. మొదటి సంతకం ఇదేనా. …బాగుంది. పాసైనోడు సంతకం పెడతాడు, తప్పినోడు తాళాలు పట్టుకుంటాడు. ఇద్దరికీ బాగానే పంచాడు పని.

…నాకు చెప్పమాక. మీ నాన్న ఎడ్లపాడులో ఎంత కష్టపడి చదివించాడో నాకు తెలుసు. మా నాయన కూడా ఊరికే చదివించలా.

ఇన్నయ్యా. ఆయనిప్పుడు నీ పక్కనే ఉన్నాడు గదా. …నీ గొంతులో తెలుస్తంది. ఒక్క ముక్క చెప్పు. ఊఁ అను చాలు.

…ఉన్నాడు.

మొదటి నుంచీనా? కాంతమ్మత్త సంగతి చెప్పి నిన్ను నవ్వించినప్పుడు… మార్కులు చదివినప్పుడు… ఉన్నాడు. థూ. ఇయ్యి ఆయనకి. …ఇయ్యరా ఫోను!

నమస్కారం సార్. …బాగానే ఉన్నానండీ. …మీ దయ.

సార్, ఒక్క నిమిషం. మీ గొంతు వినగానే స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. సైకిల్ షాపులో… మీకు కనపడనని తెలిసి కూడా. కూర్చుంటానండీ. …ఆఁ, ఇప్పుడు చెప్పండి.

…విన్నానండీ. …జీతం తక్కువని కాదండీ, నా మొహానికి అది ఎక్కువే. …అవునండీ. ప్రాక్టికల్‌గా ఉండాలి. మూడేళ్ళూ అదే నేర్పారు. …లేదండీ, వెటకారం కాదు, నిజంగానే నేర్పారు. నేర్చుకున్నాను కూడా. లేకపోతే ఆ టిక్కు ఎందుకు పెడతాను?

…నాదే సార్. పొడి అక్షరాలూ నావే. …అవును, నా కాయితాన్ని నమ్మి మీరు సంతకం పెట్టారని చెప్పుకోవచ్చు. ఎవరైనా అదే నమ్ముతారు. …ఆ… బయటికొస్తే నన్ను మళ్ళీ పరీక్ష రాయనివ్వకపోవచ్చు. తెలుసండీ. …బెదిరింపు కాదా. హితవా. సరేనండీ.

భయంగానే ఉంది సార్, అబద్ధం దేనికి?

అయినా వద్దండీ. …ఉద్యోగం వద్దు. …రేపటిదాకా ఆలోచించుకోను. ఆలోచిస్తే ఒప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే చెబుతున్నా.

…ఏం చేసి బతుకుతానా? పరుపులు కుట్టుకుంటాను. …తమాషా కాదండీ. ఆ మాట మీరన్న రోజు సిగ్గుతో చచ్చిపోయాను. మా నాయన మొహం చూడ్డానికి కూడా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే టిక్కు పెట్టాను సార్, మీ మీద గౌరవంతో కాదు. …ఇన్నయ్యకివ్వండి. …ఇవ్వండి సార్.

ఇన్నయ్యా. విను, నువ్వేం మాట్టాడమాక. పేట పోతన్నా, ఇప్పుడే. మిల్లుకి కాదు, బ్యాంకుకి. ఏ గోడౌనో, ఏ వరసో, లోపలేం చూశానో, చూసి కూడా ఏం రాశానో… అంతా ఒక కాయితం మీద పెట్టి, పొడి అక్షరాలు కాదు, మౌలాలీ కొడుకు యాకూబు అని పూర్తి పేరు రాసి సంతకం చేసి మేనేజరు చేతికిస్తా. నమ్మితే నమ్ముతాడు, బయటికి నెడితే నెడతాడు.

…తెలుసు. పరీక్ష పోద్ది. …పోనీ అనడం తేలిక కాదురా. ఏడేళ్ళు చదివా దీనికోసం. కానీ ఆ పట్టా వచ్చినాక నేను చెయ్యబోయేది నీ చేత ఇప్పుడు చేయిస్తన్నదే అయితే, నాకెందుకది?

నువ్వా? నీకు నేనేం చెప్పను? నీ సంతకం ఇంకా పడలా. నాది పడి రెండేళ్ళయింది. అంతే తేడా మనిద్దరికీ. పోయి ఎక్కి చూడు. ఎక్కి, నీ చేత్తో లాగి చూసి, అప్పుడు నీ ఇష్టం.

…ఏడుస్తన్నావా? …ఏడవమాక, ఆయన చూస్తన్నాడు. ఏడిచి సంతకం పెట్టినా అది సంతకమే అయిద్ది.

హలో… ఇన్నయ్యా… హలో… హలో…

కట్టయింది. …ఏమో మామా, ఆయన పెట్టేశాడో, లైనే పోయిందో.

మామా, పేటకి బస్సు ఎన్నింటికి? …మూడుంబావుకా. అందుకుంటా. …లేదు, చేరడానికి కాదు. …ఆ, పద్నాలుగు వందలే. నువ్వు విన్నది నిజమే.

మా నాయనకి నువ్వే చెప్పాలి మామా, నేను ఎదురుపడి చెప్పలేను. …ఉద్యోగం పోయిందనమాక. వచ్చింది, మీవాడే వద్దన్నాడని చెప్పు.